సైకాలజీ డిగ్రీ చేస్తే తర్వాత ఏంటి? పీజీ, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్, ఉద్యోగాలు

వెన్నెల_దారి
అందరికీ నమస్కారం. ఇంటర్ హెచ్‌ఈసీ పూర్తయిన అమ్మాయి కోసం అడుగుతున్నాను. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలని పట్టుదలగా ఉంది. ఇంట్లో వాళ్ళ సందేహాలు మూడు: బైపీసీ లేకుండా కుదురుతుందా, మొత్తం ఎన్నేళ్ళ చదువు, చివరికి ఉద్యోగం ఎక్కడ? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. "స్కోప్ ఉంది", "స్కోప్ లేదు" అనే జవాబులు ఇప్పటికే చాలా విన్నాం.

రికార్డుపుస్తకం
బైపీసీ అక్కర్లేదండీ. బీఏ సైకాలజీకి ఏ గ్రూపు వాళ్ళయినా చేరొచ్చు. బీఎస్సీ కాంబినేషన్‌లో జెనెటిక్స్ లాంటి జీవశాస్త్ర సబ్జెక్టు కలిసి ఉంటే మాత్రం బైపీసీ అడుగుతారు. తెలంగాణలో దోస్త్, ఆంధ్రలో ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల ద్వారా సీట్లు. ఆంధ్రలో 2023–24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది కాబట్టి అక్కడ సైకాలజీని మేజర్‌గానే ఎంచుకోవాలి. మైనర్‌గా పెట్టుకుని తర్వాత పీజీకి వెళ్దామంటే అర్హత దగ్గర చిక్కొచ్చే అవకాశం ఉంది.

హెచ్‌ఈసీ వాళ్ళు తడబడేది రెండు చోట్ల. ఒకటి బయలాజికల్ సైకాలజీ: నాడీకణం, సినాప్స్, మెదడు భాగాలు. అది ఒక్క సెమిస్టర్ కష్టం, బొమ్మలు గీస్తూ చదివితే గట్టెక్కుతారు. రెండోది స్టాటిస్టిక్స్. ఇది డిగ్రీలో మొదలై పీహెచ్‌డీ దాకా వదలదు. సగటు, ప్రామాణిక విచలనం, కోరిలేషన్, టీ టెస్ట్, కై స్క్వేర్, అనోవా. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్ళకి చాలు, కానీ పరీక్షకు వారం ముందు పట్టుకుంటే రావు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ల్యాబ్ చూడండి. సైకాలజీ ప్రాక్టికల్ సబ్జెక్టు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం, ముల్లర్ లయర్ బోర్డు (కొసల్లోని బాణం గుర్తుల వల్ల సమానమైన గీతలు పొడుగు, పొట్టిగా కనిపించే భ్రమ), టాకిస్టోస్కోప్ (బొమ్మను క్షణం పాటు చూపించే పరికరం), స్టాప్‌వాచ్‌లు, తెలివితేటలు కొలిచే రేవెన్ మ్యాట్రిసెస్, భాటియా బ్యాటరీ కనీసంగా ఉండాలి. కొన్ని చోట్ల ఇవి బీరువాలో తాళం వేసి ఉంటాయి, పిల్లలు పాత బ్యాచ్ రికార్డు చూసి అంకెలు రాసేసుకుంటారు. అలాంటి డిగ్రీతో పీజీకి వెళ్తే మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

టీకప్పు_తత్వం
ల్యాబ్ లేకపోతే అంత నష్టమా? ముల్లర్ లయర్ భ్రమ యూట్యూబ్‌లో చూసినా అర్థమవుతుంది కదా.

రికార్డుపుస్తకం
భ్రమ అర్థమవుతుంది, ప్రయోగం అర్థం కాదు. ఆ బోర్డులో ఒక గీత పొడవు స్థిరం, రెండోదాన్ని జరుపుతూ "ఇప్పుడు రెండూ సమానం" అనిపించిన చోట ఆపాలి. సగం ట్రయల్స్ పొడుగు నుంచి తగ్గిస్తూ, సగం పొట్టి నుంచి పెంచుతూ చేయించాలి. జరిపే గీత సగంసార్లు ఎడమవైపు, సగంసార్లు కుడివైపు ఉండాలి. వచ్చిన సగటులోంచి అసలు పొడవు తీసేస్తే మిగిలేది కాన్‌స్టెంట్ ఎర్రర్. అన్ని ట్రయల్స్ ఒకే దిక్కు నుంచి చేయిస్తే చేయి జరిపే అలవాటు వల్ల వచ్చిన తప్పు, భ్రమ వల్ల వచ్చిన తప్పు కలిసిపోయి విడదీయలేం. ఈ ఒక్క సంగతి చేతితో చేసి గ్రహించినవాళ్ళకి తర్వాత కంట్రోల్, కౌంటర్‌బ్యాలెన్సింగ్ అనే మాటలు వివరించనక్కర్లేదు.

గడప_దాటాక
ఇక అసలు ప్రశ్న, క్లినికల్ దారి. చాలామంది తల్లిదండ్రులు ఎమ్మే సైకాలజీ అయిపోతే క్లినికల్ సైకాలజిస్ట్ అనుకుంటారు. కాదు.

మన దేశంలో ఆ పేరు పెట్టుకుని పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు చేసి, దాని సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో నంబరు తెచ్చుకోవాలి. 1992 ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్ట్‌ను ఆర్‌సీఐ గుర్తింపుతోనే నిర్వచించింది.

ఇన్నాళ్ళూ ఉన్న దారి ఇది: డిగ్రీ 3, సైకాలజీలో పీజీ 2, ఆపైన ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ 2, వెరసి 7 ఏళ్ళు. ఆ ఎంఫిల్ ఆస్పత్రిలో ఫుల్‌టైమ్ శిక్షణ. ఓపీలో కేసు హిస్టరీ తీయడం, పరీక్షలు చేసి రిపోర్టు రాయడం, సూపర్‌వైజర్ కింద థెరపీ, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం). అయితే 2022 పీహెచ్‌డీ నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం మినహాయింపు ఇచ్చి 2025–26 చేరికల వరకే అనుమతించింది. కాబట్టి ఇప్పుడు ఇంటర్ అయినవాళ్ళు "డిగ్రీ, పీజీ, ఎంఫిల్" అని ప్లాన్ వేసుకుంటే ఆ మూడో మెట్టు వాళ్ళకి దొరకదు. పాత వీడియోలు, పాత బ్లాగులు చూసి మోసపోకండి.

దాని స్థానంలో ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెస్తోంది. 2024–25 నుంచి నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్ క్లినికల్ సైకాలజీ, రెండేళ్ళ ఎమ్మే క్లినికల్ సైకాలజీ వచ్చాయి. సైడీ అని పిలిచే వృత్తి డాక్టరేట్ ఇంతకుముందు నుంచే ఉంది. ఏ కోర్సుకు ఏ హోదాలో రిజిస్ట్రేషన్ ఇస్తారో చేరే సంవత్సరం ఆర్‌సీఐ సైట్‌లో ఉన్న నోటిఫికేషన్ చదివి తేల్చుకోవాలి. కన్సల్టెన్సీ వాళ్ళ మాట లెక్కలోకి రాదు.

వెన్నెల_దారి
గడప దాటాక గారూ, చాలా థాంక్స్. "ఎమ్మే క్లినికల్ సైకాలజీ" అని మాకు దగ్గర్లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ ప్రకటన ఇచ్చింది. అది సరిపోతుందా?

గడప_దాటాక
పేరు చూసి చెప్పలేం. సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది పడిపోతున్నారు. "క్లినికల్ సైకాలజీ స్పెషలైజేషన్‌తో ఎమ్మే" అని యూజీసీ గుర్తింపుతో ఎవరైనా నడపొచ్చు, అది మామూలు పీజీ. ఆర్‌సీఐ అనుమతితో నడిచే ఎమ్మే క్లినికల్ సైకాలజీ వేరు. రెండింటి సర్టిఫికెట్ మీదా దాదాపు ఒకే మాట ఉంటుంది, రిజిస్ట్రేషన్ రెండోదానికే.

ఆర్‌సీఐ సైట్‌లో అనుమతి పొందిన సంస్థల జాబితా ఉంటుంది. అందులో మూడు చూడండి. సంస్థ పేరు, క్యాంపస్ అచ్చంగా అదేనా (ఒకే ట్రస్టుకు నాలుగు క్యాంపస్‌లుంటే అనుమతి ఒకదానికే ఉండొచ్చు). అనుమతి ఏ విద్యాసంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా. ఎన్ని సీట్లు. అనుమతి గడువు దాటాక చేర్చుకున్నా, సీట్లకు మించి చేర్చుకున్నా, చివర్లో రిజిస్ట్రేషన్ అప్లికేషన్ ఆగిపోతుంది. ఫీజు కట్టే ముందు ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి.

మన దగ్గర అడగాల్సిన చోట్లు: సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (1984లో పెట్టిన జాతీయ సంస్థ, మేధో వైకల్యం దీని ప్రధాన రంగం), ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల. బయట మానసిక ఆరోగ్య సంస్థలైన బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీ సీఐపీ, తేజ్‌పూర్‌లోని ఎల్‌జీబీ సంస్థ. వీటిలో ఏ కోర్సు ఏ ఏడాది నడుస్తుందో మారుతూ ఉంటుంది.

హైవే_కిలోమీటర్
మధ్యలో ఒకటి అడుగుతా. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ చేయొచ్చా? ఇగ్నోలో చాలామంది చేశారు కదా.

గడప_దాటాక
చేశారు, ఇప్పుడు తలుపు మూశారు. 2025 ఆగస్టులో యూజీసీ ఆదేశం వచ్చింది. 2021 అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వచ్చే సబ్జెక్టులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఆ ఏడాది జులై–ఆగస్టు సెషన్ నుంచి కొత్తగా చేర్చుకోకూడదని. ఆ పట్టీలో సైకాలజీ ఉంది. బీఏలో నాలుగైదు సబ్జెక్టుల్లో ఒకటిగా సైకాలజీ ఉంటే ఆ ఒక్క సబ్జెక్టునే తీసేయాలి, మిగతా బీఏ నడుపుకోవచ్చు.

ఇప్పటికీ "ఆన్‌లైన్ ఎమ్మే సైకాలజీ, యూజీసీ గుర్తింపు" అని ఫోన్లు వస్తున్నాయంటే అవి ఏ ఏడాది గుర్తింపో అడగండి. డబ్బులు కట్టాక అడగడం దేనికి.

మధ్యాహ్నం_షిఫ్ట్
అందరూ క్లినికల్ చుట్టూనే తిరుగుతున్నారు. ఏడేళ్ళు కూర్చోలేని వాళ్ళ సంగతి కూడా చెప్పాలి.

పాఠశాల కౌన్సెలర్: సీబీఎస్ఈ అనుబంధ నిబంధనల్లో కౌన్సెలర్ ఉండాలని ఉంది కాబట్టి నగరాల్లో ఈ పోస్టులు తరచూ పడతాయి. సైకాలజీ పీజీతో పాటు గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఉంటే బలం. ఎన్‌సీఈఆర్‌టీ డిప్లొమా ఏడాదిది: ఆరు నెలలు ఇంటి నుంచి, మూడు నెలలు కేంద్రంలో, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. మనవాళ్ళకి దగ్గరి కేంద్రం మైసూరు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఒక చట్టం నోటికి తెలుసుకోవాలి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష. "ఎవరికీ చెప్పను" అని పిల్లలకు ముందే మాట ఇచ్చేసే కౌన్సెలర్ తనను తాను ఇరికించుకుంటాడు. మొదటి సెషన్‌లోనే ఏది దాచగలనో, ఏది దాచలేనో పిల్లల భాషలో చెప్పాలి.

ప్రభుత్వ పథకాలు: జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో క్లినికల్ సైకాలజిస్ట్ పోస్టు ఉంటుంది. 1996లో దేశంలో మొదట నాలుగు జిల్లాల్లో పెట్టినప్పుడు వాటిలో మన మెదక్ ఒకటి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం) కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో సైకాలజిస్ట్, హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్, హింసకు గురైన మహిళల కోసం సఖి కేంద్రాలు, బాలల సంరక్షణ యూనిట్లు, ఫ్యామిలీ కోర్టులు. ఇవి ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులు. ఏటా పొడిగింపు, జీతం ఆలస్యం మామూలే, కానీ అక్కడ వచ్చే కేసుల అనుభవం ప్రైవేటులో దొరకదు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ (ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా, 14416) కూడా కౌన్సెలర్లను తీసుకుంటుంది. అక్కడ తెలుగు బాగా మాట్లాడటమే అర్హతల్లో సగం.

కంపెనీల వైపు: ఆర్గనైజేషనల్ సైకాలజీ చేసినవాళ్ళు రిక్రూట్‌మెంట్ పరీక్షల తయారీ, ట్రైనింగ్, ఉద్యోగుల సర్వేలు చూస్తారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ అని ఇంకో పని ఉంది. యాప్ వాడేవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి, ఇంటర్వ్యూ చేసి, లెక్క తేల్చి చెప్పడం. దీనికి ప్రయోగ పద్ధతులు, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్ళు కావాలి, ఫ్రాయిడ్ అక్కర్లేదు.

టీకప్పు_తత్వం
ఫోరెన్సిక్ సైకాలజీ మర్చిపోయారు. సినిమాలు చూసి అందరూ అదే అడుగుతారు.

మధ్యాహ్నం_షిఫ్ట్
మర్చిపోలేదు, కావాలనే చివరికి పెట్టా. పోస్టులు చాలా తక్కువ, ఫోరెన్సిక్ ల్యాబుల్లో పాలిగ్రాఫ్ లాంటి పనులు. అదీ 2010లో సెల్వీ కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని చెప్పాక బాగా హద్దుల్లోకి వచ్చింది. గాంధీనగర్ ఎన్‌ఎఫ్‌ఎస్‌యూలో (జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ) కోర్సు ఉంది. ఆసక్తి ఉంటే వెళ్ళొచ్చు, కానీ రెండో దారి చేతిలో పెట్టుకుని వెళ్ళాలి.

దీనికంటే రక్షణ రంగం నయం. డీఆర్‌డీఓలో డీఐపీఆర్ అనే సైకాలజీ పరిశోధన సంస్థ, సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ బోర్డుల్లో సైకాలజిస్టులు. రైల్వే పరిశోధన సంస్థ అయిన లక్నో ఆర్‌డీఎస్‌ఓకి సైకో టెక్నికల్ విభాగం ఉంది. లోకో పైలట్లకు, స్టేషన్ మాస్టర్లకు పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్ష వెనుక ఉన్నది వాళ్ళే.

గుండ్రటి_పీఠం
పరీక్షల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. సైకలాజికల్ టెస్టింగ్ నేర్చుకున్నవాళ్ళకి పని దొరకడం తేలిక, సరిగా నేర్చుకోనివాళ్ళు చేసే నష్టం కూడా ఎక్కువ.

మేధో వైకల్యం సర్టిఫికెట్ ఉదాహరణే తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద చాలా ప్రయోజనాలకు 40 శాతం హద్దు. అంటే రిపోర్టులో అంకె తప్పయితే ఒక కుటుంబానికి పింఛను, రిజర్వేషన్ పోతాయి. పిల్లవాడికి బిని కామత్, మలిన్ స్కేల్, సెగ్విన్ ఫారం బోర్డు లాంటి తెలివితేటల పరీక్షల్లో వయసుకు తగినది, దాంతో పాటు వైన్‌లాండ్ సామాజిక పరిణతి స్కేల్. వైన్‌లాండ్‌లో పిల్లవాడిని కాదు, వాడిని రోజూ చూసే మనిషిని అడుగుతాం. అక్కడ జరిగే పొరపాటు: "మీవాడు తనంతట అన్నం తింటాడా?" అని అడిగితే తల్లి "తింటాడు" అంటుంది. కలిపి పెడితే తింటాడా, తనే కలుపుకుంటాడా, కింద ఎంత పోస్తాడు అని విడదీసి అడగకపోతే సామాజిక వయసు రెండేళ్ళు పెరిగిపోతుంది. నాయనమ్మ ముద్దు చేసి అన్నీ చేసిపెట్టే ఇంట్లో దీనికి ఉల్టా: చేయగలడు, చేయనివ్వరు.

భాటియా బ్యాటరీ ఇంకో ఉదాహరణ. ఐదు ఉపపరీక్షలు, చదువు రానివాళ్ళకి కూడా పనికొస్తుందని విపరీతంగా వాడతారు. అది మొదట ప్రామాణీకరించింది 11 నుంచి 16 ఏళ్ళ మగపిల్లల మీద. ముప్పై ఏళ్ళ మనిషికి పెట్టి ఐక్యూ అంకె రాసి ఇవ్వడానికి ఆ నార్మ్స్ (స్కోరును పోల్చి చూసే ప్రామాణిక పట్టికలు) ఒప్పుకోవు. రిపోర్టులో "ఏ నార్మ్స్ వాడారు" అనే వాక్యం లేకపోతే ఆ అంకెను నమ్మకండి.

ఇంకా: ఒకే రోజు ఒకే పరీక్ష మళ్ళీ పెట్టకూడదు, తల్లిని పక్కన కూర్చోబెట్టి సైగలు చేయనివ్వకూడదు, మూర్ఛ మాత్రల మత్తులో ఉన్న పిల్లవాడికి ఆ రోజు స్కోరు తీయకూడదు. పరీక్ష కార్డుల ఫోటోలు గ్రూపుల్లో పెట్టేవాళ్ళున్నారు, రోర్షాక్ సిరామరకల పరీక్ష పది కార్డులూ పెట్టేస్తారు. దయచేసి ఆపండి.

జీరో_హైపోథిసిస్
పీజీ డిసర్టేషన్ గురించి నాలుగు మాటలు. మన దగ్గర సగం డిసర్టేషన్లు ఒకే అచ్చు: రెండు కాలేజీలు, ముప్పైమంది అబ్బాయిలు, ముప్పైమంది అమ్మాయిలు, ఒత్తిడి, ఆత్మగౌరవం, టీ టెస్ట్, "తేడా లేదు". తేడా లేదని తేలలేదు, పట్టుకునే బలం ఆ సైజుకు లేదు. మధ్యస్థాయి తేడా, అంటే కోహెన్ డీ (తేడా సైజును చూపే అంకె) 0.5, దాన్ని 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 0.05 స్థాయిలో పట్టుకోవాలంటే గ్రూపుకు 64 మంది కావాలి. ముప్పైతో అయితే నిజంగా తేడా ఉన్నా దొరికే అవకాశం సగం కంటే తక్కువ. జీ పవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, రెండు నిమిషాల పని. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ దొంగ కాపీలు దించుకోనక్కర్లేదు, జాస్ప్, జమోవి ఉచితంగానే ఉన్నాయి.

వైవాలో దొరికిపోయే తప్పులు రెండు. రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ స్కేల్‌లో పది ప్రశ్నల్లో ఐదు తిరగేసి స్కోర్ చేయాల్సినవి. తిరగేయడం మర్చిపోతే క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చూపే అంకె) పడిపోతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి వెళ్తుంది. డాస్ 21లో (కుంగుబాటు, ఆందోళన, ఒత్తిడి స్కేల్) ఒక్కో భాగానికి ఏడు ప్రశ్నలు, మొత్తాన్ని రెండుతో గుణించాకే పట్టికలోని తీవ్రత హద్దులతో పోల్చాలి. గుణించకపోతే అందరూ "నార్మల్" అయిపోతారు.

ఇంగ్లీష్ స్కేల్‌ను గూగుల్‌లో తెలుగు చేసి పంచడం కూడా చూస్తున్నాం. ఒకరు తెలుగులోకి, దాన్ని చూడని ఇంకొకరు మళ్ళీ ఇంగ్లీష్‌లోకి, రెండూ పోల్చి సరిచేసి, పదిమందితో చదివించి చూశాకే వాడాలి. ఇక కుంగుబాటు ప్రశ్నావళి పీహెచ్‌క్యూ 9 వాడేవాళ్ళకి: తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాని జవాబు వస్తే ఆ రోజే ఎవరు మాట్లాడతారు, ఎక్కడికి పంపుతారు అనేది ఎథిక్స్ కమిటీ అప్లికేషన్‌లో రాసి ఉండాలి. గూగుల్ ఫారంలో పేరు అడగకుండా ఈ ప్రశ్న పెట్టి నెల తర్వాత తెరిచి చూస్తే ఏం చేస్తారు?

హైవే_కిలోమీటర్
పీజీ ఎంట్రన్స్‌లు ఏవేవి?

జీరో_హైపోథిసిస్
తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్, కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ ఎమ్మెస్సీ ఉంది, ఆస్పత్రి వాతావరణంలో పని ఇష్టమున్నవాళ్ళకి మంచిది. సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, సరైనదానికి 4, తప్పుకు మైనస్ 1. మైనస్ లేని సీపీగెట్‌కు అలవాటుపడి అన్నీ గుద్దేస్తే అక్కడ దెబ్బ.

అధ్యాపకులు కావాలంటే నెట్. పేపర్ 1లో 50, పేపర్ 2లో 100 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, మైనస్ లేదు. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే నెట్ రాసి పీహెచ్‌డీకి వెళ్ళొచ్చు. ఇది థెరపీ వైపు కాకుండా పరిశోధన వైపు పోయేవాళ్ళకి ఏడాది అయినా మిగులుస్తుంది. సివిల్స్‌లో ఆప్షనల్ కూడా ఇదే సిలబస్‌కు దగ్గర, రెండు పేపర్లు, 500 మార్కులు.

డాలస్_పెరుగన్నం
అమెరికా ఆలోచన ఉన్నవాళ్ళకి. ఇక్కడ సైకాలజిస్ట్ లైసెన్స్ రాష్ట్రం ఇస్తుంది, దానికి సాధారణంగా డాక్టరేట్, ఈపీపీపీ అనే పరీక్ష కావాలి. మాస్టర్స్‌తో ఆగాలంటే కౌన్సెలింగ్ లైసెన్స్ దారి: సాధారణంగా 60 క్రెడిట్ల కోర్సు, ఆపైన సూపర్‌విజన్‌లో వేల గంటలు.

చిక్కు వీసాలో ఉంది. కౌన్సెలింగ్, క్లినికల్ కోర్సులు చాలావరకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేవు, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి (ఓపీటీ) 12 నెలలే. సూపర్‌విజన్ గంటలు పూర్తి కావడానికి అది చాలదు. 42.27తో మొదలయ్యే పరిశోధనా సైకాలజీ కోడ్‌లు జాబితాలో ఉన్నాయి, వాటికి మరో 24 నెలలు వస్తాయి, కానీ వాటితో థెరపీ లైసెన్స్ రాదు. ఐ20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉండే కోర్సు కోడ్ చూడకుండా ఫీజు కట్టొద్దు.

బ్రిటన్‌లో "క్లినికల్ సైకాలజిస్ట్" అనేది హెచ్‌సీపీసీ (ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ) రక్షిత హోదా, అక్కడ నమోదు లేకుండా వాడకూడదు. మూడేళ్ళ డాక్టరేట్, దానికి ముందు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ (బీపీఎస్) నుంచి జీబీసీ అనే అర్హత. మన డిగ్రీకి అది రాకపోతే కన్వర్షన్ మాస్టర్స్ చేయాలి. ఎక్కడికి వెళ్ళినా డిగ్రీ సిలబస్ కాపీలు అడుగుతారు. ప్రతి సెమిస్టర్ సిలబస్, ప్రాక్టికల్ గంటలతో సహా, కాలేజీ ముద్ర వేయించి అప్పుడే దాచుకోండి. ఐదేళ్ళ తర్వాత సిలబస్ మారిపోయాక యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

వెన్నెల_దారి
అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక్కటి. తెలుగు మీడియం నేపథ్యం. ఇబ్బందా?

గుండ్రటి_పీఠం
ఎంట్రన్స్‌లో కొంత ఇబ్బందే. నెట్, సీయూఈటీ పీజీ సైకాలజీ ప్రశ్నపత్రాలు ఇంగ్లీష్, హిందీలో వస్తాయి, తెలుగులో రావు. డిగ్రీ మొదటి ఏడాది నుంచే ఇంగ్లీష్ పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదివితే మూడేళ్ళలో ఆ అడ్డు పోతుంది. ఓపీలోకి వెళ్ళాక పరిస్థితి మారుతుంది. "గుండెలో దడ, తల దిమ్ము, మనసు నిలకడగా లేదు" అని చెప్పే పెద్దావిడ దగ్గర కేసు హిస్టరీ తీయడానికి ఇంగ్లీష్ మీడియం పిల్లలే తడబడతారు. దోస్త్ ఆప్షన్లు పెట్టే ముందు రెండు మూడు కాలేజీలకు స్వయంగా వెళ్ళి ల్యాబ్ తెరిచి చూపించమనండి, సైకాలజీలో పీజీ ఉన్న లెక్చరర్లు ఎంతమందో అడగండి. చూపించడానికి ఇష్టపడని కాలేజీని జాబితాలోంచి తీసేయండి.